నీరు పల్లమెరుగు... నిధులు ఎవరినెరుగు?
(ప్రాంతాల మధ్య ప్రభుత్వ పెట్టుబడి పంపకం – రాజకీయాల పాత్ర)



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ ఉపయోగపడే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సార్ అడిగారు. ఇదే హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తి చేసిన మేము ఏం రాయాలా అని కొంతకాలం ఆలోచించాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాళ్లం మేమే. కాలేజీ ఎంత దూరంలో ఉంది, బస్సు ఎక్కడిదాకా వస్తుంది, హాస్టల్‌కు సొంత భవనం ఉందా లేదా అన్న చిన్న విషయాలే మాలాంటి వాళ్ల చదువు సాగుతుందా ఆగుతుందా తేల్చేస్తాయని మాకు తెలుసు. మరి ఆ కాలేజీ ఫలానా ఊళ్లోనే ఎందుకు పెట్టారు? కాలువ ఆ జిల్లాకే ముందు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే ఒక మాట. "అంతా రాజకీయం" అని చేతులు దులుపుకోవడం తేలిక. కానీ ఆ రాజకీయం ఏ దారిలో పనిచేస్తుందో తెలిస్తే, దాన్ని ఎక్కడ పట్టుకుని అడగాలో కూడా తెలుస్తుంది.

పెట్టుబడి అంటే ఏమిటి?

ప్రభుత్వ ఖర్చు రెండు రకాలు. జీతాలు, పెన్షన్లు, స్కాలర్‌షిప్పులు, మన మెస్ ఛార్జీలు – ఇవి ఏటేటా అయ్యే ఖర్చు. దీన్ని రెవెన్యూ వ్యయం అంటారు. ఆనకట్ట, రోడ్డు, ఆసుపత్రి, యూనివర్సిటీ, హాస్టల్ భవనం – ఇవి కట్టాక ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. ఇది మూలధన వ్యయం. ఈ వ్యాసంలో పెట్టుబడి అని మేము అంటున్నది ఎక్కువగా ఈ రెండో రకాన్నే.

తేడా ఎందుకు ముఖ్యమంటే, ఏటేటా అయ్యే ఖర్చులో ఈ ఏడు అన్యాయం జరిగితే వచ్చే ఏడు సరిచేసుకోవచ్చు. ఆనకట్ట అలా కాదు. అది ఎక్కడ కట్టారన్నది నూరేళ్లపాటు ఎవరి పొలం తడుస్తుందో, ఎవరి పొలం ఎండుతుందో నిర్ణయిస్తుంది. కాబట్టి పెట్టుబడి విషయంలో ఒకసారి జరిగిన నిర్ణయం మనవళ్ల దాకా వెంటాడుతుంది.

పంచేది ఎవరు?

డబ్బు మన దాకా రావడానికి మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది కేంద్రం నుంచి రాష్ట్రాలకు. రెండోది రాష్ట్రం నుంచి జిల్లాలకు, శాఖలకు. మూడోది మండలంలో ఏ ఊరికి, ఊళ్లో ఏ వీధికి అన్నది.

మొదటి మెట్టులో కొంత భాగం సూత్రం ప్రకారం నడుస్తుంది. రాజ్యాంగం ప్రకారం ఏర్పడే ఫైనాన్స్ కమిషన్ కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో చెబుతుంది. 2021-26 కాలానికి 15వ ఫైనాన్స్ కమిషన్ పంచదగిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలంది. దాన్ని రాష్ట్రాల మధ్య పంచడానికి ఆదాయంలో వెనుకబాటుకు 45 శాతం, జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జనాభా నియంత్రణకు 12.5, అడవులకు 10, పన్ను వసూలు శ్రద్ధకు 2.5 శాతం చొప్పున మార్కులు వేసింది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం వచ్చాయి. ఈ సూత్రంలో కూడా రాజకీయం లేదని కాదు. 1971 జనాభా లెక్క తీసుకోవాలా, 2011 లెక్క తీసుకోవాలా అన్నదానిపై దక్షిణాది రాష్ట్రాలు గట్టిగానే వాదించాయి. అయినా ఒకసారి సూత్రం రాశాక అది అందరికీ ఒకటే. ఎవరి వాటా ఎంతో కాగితం మీద కూడి చూసుకోవచ్చు.

ఇదివరకు ప్లానింగ్ కమిషన్ ఇచ్చే ప్రణాళికా సాయానికి చాలాకాలం ఇలాంటి సూత్రమే లేదు. 1969లో గాడ్గిల్ ఫార్ములా వచ్చాకే జనాభా, వెనుకబాటు వంటివి కొలిచి పంచడం మొదలైంది. ప్లానింగ్ కమిషన్ స్థానంలో 2015లో నీతి ఆయోగ్ వచ్చింది. దాని చేతిలో అలా పంచే నిధులు లేవు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. సూత్రం ఉన్నచోట రాజకీయం కొంత తగ్గుతుంది. ఇష్టం మీద వదిలేసిన చోట పెరుగుతుంది. రెండో మెట్టు, మూడో మెట్టు దిగేకొద్దీ సూత్రం తగ్గిపోయి ఇష్టం పెరుగుతుంది. మన జీవితాలకు దగ్గరగా ఉన్నవి ఆ రెండు మెట్లే.

ఉన్నచోటికే మళ్లీ

మన నేల మీద జరిగినదాన్నే ఉదాహరణగా చూద్దాం. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. వెనువెంటనే 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు డెల్టా రైతులు నేటికీ తలుచుకుంటారు. మరి రాయలసీమకు? 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తుంగభద్ర నీటితో కర్నూలు-కడప కాలువ తవ్వింది. కంపెనీకి లాభం రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను తీసుకుంది. ఈ మధ్యలోనే 1876-78 నాటి మహా కరువు సీమను తుడిచిపెట్టింది.

ఆ రోజుల్లో ఇంగ్లీషు ప్రభుత్వం నీటి పనులను రెండుగా విడదీసేది. పెట్టిన సొమ్ముకు వడ్డీ గిట్టుబాటయ్యేంత శిస్తు తెచ్చేవి ఒక రకం. శిస్తు రాకపోయినా కరువు నుంచి కాపాడేవి రెండో రకం. మొదటి రకానికి అప్పు తెచ్చి మరీ పెట్టుబడి పెట్టేవారు. రెండో రకానికి చేతులు ఆడేవి కావు. డెల్టా పల్లం నేల, నీరు సులువుగా పారుతుంది, పంట గ్యారంటీ. కాబట్టి అది మొదటి రకం. సీమ మెట్ట నేల, కరువు నేల. కాబట్టి రెండో రకం. అవసరం ఎవరికి ఎక్కువో కాక, తిరిగి ఎంత వస్తుందో చూసి పెట్టారన్నమాట.

తర్వాత ఏమైంది? నీళ్లు వచ్చినచోట పంట మిగిలింది. మిగులుతో బడులు, కాలేజీలు, పత్రికలు, ప్లీడర్లు, నాయకులు వచ్చారు. అడగడం తెలిసినవాళ్లు ఉన్నచోటికి మళ్లీ పెట్టుబడి వచ్చింది. లేనిచోట అడిగే గొంతు కూడా పుట్టలేదు. డెల్టా రైతు కష్టపడలేదని మేము అనడం లేదు. సీమ రైతు అంతకంటే తక్కువ కష్టపడలేదని మాత్రమే అంటున్నాం. తేడా మొదటి పెట్టుబడిలో ఉంది.

ఒప్పందం ఉంది, లెక్క లేదు

ఈ తేడా నాయకులకు తెలియంది కాదు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసు నుంచి విడిపోదామన్నప్పుడు సీమ నాయకులు భయపడ్డారు. వాళ్లకు ధైర్యం చెప్పడానికి 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం జరిగింది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకు, నెల్లూరుకు ముందు చోటు ఇవ్వాలని రాసుకున్నారు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండనక్కరలేదనీ, వాటిలో ఏది కావాలో సీమ కోరుకోవచ్చనీ రాసుకున్నారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. మూడేళ్లకే, 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండూ హైదరాబాద్‌కు చేరాయి. నీళ్ల సంగతి చూస్తే, సీమకు ఉపయోగపడుతుందనుకున్న కృష్ణా-పెన్నా పథకాన్ని మద్రాసు ప్రభుత్వం ముందుకు తెచ్చింది. ఆ నీళ్లు తమిళ జిల్లాలకు తరలిపోతాయన్న భయంతో ఆంధ్ర నాయకులు దాన్ని వ్యతిరేకించారు. ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. సాగర్ లక్షల ఎకరాలు తడిపిన గొప్ప ప్రాజెక్టే, అందులో సందేహం లేదు. కానీ దాని కాలువల కింద రాయలసీమ లేదు. శ్రీబాగ్ ఒప్పందం అమలైందా లేదా అని ఏటా లెక్క చూసే సంస్థ ఒక్కటి కూడా లేదు. పెద్దమనుషులు చేసుకున్న ఒప్పందం పెద్దమనుషులతోనే పోయింది.

తెలంగాణ విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఉమ్మడి పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి, తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే ఖర్చు పెట్టాలి అన్నది అందులో ఒక షరతు. 1969లో ఉద్యమం రగిలాక ఆ మిగులు ఎంతో లెక్క తేల్చమన్నారు. 1956 నవంబర్ నుంచి 1968 మార్చి వరకు లెక్క చూసి కుమార్ లలిత్ కమిటీ దాదాపు 34 కోట్లంది. తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ దాదాపు 28 కోట్లంది. అంకె ఏదైనా, మిగులు ఖర్చు కాలేదన్న మాట ప్రభుత్వం వేసిన కమిటీల నోటే వచ్చింది. ఏటా తేల్చాల్సిన లెక్కను పన్నెండేళ్ల తర్వాత, అదీ పిల్లలు రోడ్డు మీదికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నాక తేల్చారు.

మూడో ఉదాహరణ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధికి ప్రణాళికా బోర్డులు పెట్టాలన్నది అందులో మొదటి సూత్రం. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం అన్నవి తర్వాతి సూత్రాలు. చదువు, ఉద్యోగాల సంగతి రాజ్యాంగంలో 371-డి అధికరణంగా, ఆ వెంటనే రాష్ట్రపతి ఉత్తర్వులుగా చట్టరూపం దాల్చింది. అందుకే మనం ఏ నోటిఫికేషన్ చూసినా లోకల్, నాన్-లోకల్ అన్న మాట కనిపిస్తుంది. మరి ప్రణాళికా బోర్డులో? వాటి పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? ఒకే కాగితం మీద పుట్టిన రెండు మాటల్లో చట్టంగా మారింది బతికింది, మాటగా ఉండిపోయింది మాసిపోయింది. ఈ వ్యాసం మొత్తంలో మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

ముఖ్యమంత్రి మనవాడైతే చాలా?

చాలామంది "మన జిల్లావాడు ముఖ్యమంత్రి అయితే మన బతుకులు బాగుపడతాయి" అంటారు. ఇది ఎంతవరకు నిజం? రాయలసీమ నుంచి వచ్చిన ముఖ్యమంత్రుల పేర్లు చెప్పుకుందాం. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, నారా చంద్రబాబునాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి, వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి. వీరిలో సంజీవయ్య గారు దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి, కర్నూలు జిల్లా బిడ్డ. ఇంతమంది వచ్చినా సీమ కరువు సీమగానే ఎందుకు మిగిలింది?

జవాబు సీట్ల లెక్కలో ఉంది. 2004 ఎన్నికల దాకా ఉమ్మడి అసెంబ్లీలో 294 సీట్లుంటే అందులో కోస్తావి 134, తెలంగాణవి 107, రాయలసీమవి 53. 2009 నుంచి అవి 123, 119, 52 అయ్యాయి. సీమ సీట్లన్నీ గెలిచినా ప్రభుత్వం ఏర్పడదు. ముఖ్యమంత్రి ఏ ప్రాంతంవాడైనా కుర్చీ నిలబడేది మిగతా ప్రాంతాల ఎమ్మెల్యేల మీద. కాబట్టి ఆయన పెద్ద పెట్టుబడిని ఒక్క ప్రాంతానికి మళ్లించలేడు. మళ్లిస్తే మిగతావాళ్లు ఊరుకోరు.

అయితే తన సొంత నియోజకవర్గానికి చేసుకోవచ్చు. దానికి పెద్దగా ఎవరూ అడ్డుచెప్పరు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. 2006లో పులివెందులకు ఇంజనీరింగ్ కాలేజీ, 2008లో అదే నియోజకవర్గంలోని ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక ఉద్యానవన విశ్వవిద్యాలయం గజ్వేల్ నియోజకవర్గంలోని ములుగులో పెట్టారు. ఇవి మంచి సంస్థలు. మనలాంటి ఎందరో అక్కడ చదువుకుంటున్నారు. మేము తప్పుపట్టడం లేదు. కానీ ఒక నియోజకవర్గం బాగుపడటం వేరు, ఒక ప్రాంతం బాగుపడటం వేరు అని మాత్రం ఇక్కడ గమనించాలి.

ఉద్యమం తెచ్చేది, ఉద్యమం ఆపలేనిది

సీట్లు చాలనప్పుడు జనం వీధిలోకి వస్తారు. విశాఖ ఉక్కు కథ అదే. విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టడం మేలని విదేశీ నిపుణుల బృందం 1965లోనే చెప్పినా కేంద్రం వెనకడుగు వేసింది. 1966లో టి. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రమంతా విద్యార్థులు కదిలారు. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. మొత్తం ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. చివరకు 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ గారు పార్లమెంటులో ప్రకటన చేశారు. అదే రోజు ఒక్క విశాఖకే కాదు, తమిళనాడులో సేలంకు, కర్ణాటకలో విజయనగరకు కూడా ఉక్కు కర్మాగారాలు ప్రకటించారు. ఒక రాష్ట్రానికి ఇస్తే పక్క రాష్ట్రం అడుగుతుంది కాబట్టి ముగ్గురికీ ఇచ్చారు.

1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో. శంకుస్థాపనకు, అంకితానికి మధ్య ఇరవై ఒక్క ఏళ్లు! ప్రకటనకు ఉద్యమం సరిపోయింది. కానీ ఏటేటా బడ్జెట్లో డబ్బు రావడానికి ఉద్యమం సరిపోలేదు. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో కేంద్రం వాటా మొత్తం అమ్మాలన్న నిర్ణయం, 2025 జనవరిలో దాన్ని నిలబెట్టడానికి 11,440 కోట్ల ప్యాకేజీ చూశాం. అంటే వచ్చిన పెట్టుబడిని కాపాడుకోవడం కూడా ఒక రాజకీయమే.

ఢిల్లీ అవసరం, మన అవసరం

2014లో రాష్ట్ర విభజన జరిగింది. విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని రాజ్యసభలో చెప్పారు. అది చట్టంలో లేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఇవ్వలేదు. చట్టంలో ఉన్న ప్రత్యేక ప్యాకేజీ మాత్రం కొంత వచ్చింది. రాయలసీమ, ఉత్తరాంధ్ర కలిపి ఏడు జిల్లాలకు, జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున మూడేళ్లు, మొత్తం 1,050 కోట్లు. తెలంగాణలో తొమ్మిది జిల్లాలకూ ఇలాగే ఏటా 450 కోట్ల చొప్పున ఇచ్చారు. చట్టంలో రాసింది కొంతైనా కదిలింది. సభలో చెప్పింది కదల్లేదు.

2014లో, 2019లో కేంద్రంలో బీజేపీకి సొంతంగానే మెజారిటీ ఉంది. 2024లో 240 సీట్లే వచ్చాయి. ప్రభుత్వం నిలబడటానికి 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం, 12 మంది ఉన్న జనతాదళ్ (యునైటెడ్) మద్దతు అవసరమైంది. 2024 జూలై బడ్జెట్లో అమరావతికి అంతర్జాతీయ సంస్థల ద్వారా 15,000 కోట్లు సమకూరుస్తామన్నారు. బీహార్‌కు కూడా పెద్ద ప్రకటనలు వచ్చాయి. రాష్ట్రం అదే, అవసరం అదే. మారింది ఢిల్లీలో సీట్ల అవసరం.

ఏ పార్టీని సమర్థించడానికో, తిట్టడానికో ఇది రాయడం లేదు. ఏ పార్టీ ఆ స్థానంలో ఉన్నా లెక్క ఇలాగే నడిచేదని మా అభిప్రాయం. 2014లోనే శివరామకృష్ణన్ కమిటీ అభివృద్ధిని ఒక్కచోట పోగుచేయవద్దనీ, వివిధ ప్రాంతాలకు పంచాలనీ సూచించింది. హైదరాబాద్ ఒక్కచోటే అంతా పెట్టి నేర్చుకున్న పాఠం అది. ఏడు జిల్లాల మూడేళ్ల సొమ్మును, ఒక్క నగరానికి ప్రకటించిన సొమ్మును పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆ పాఠం ఎంతవరకు వంటబట్టిందో మీకే అర్థమవుతుంది.

ఊరు దాకా వచ్చి, వాడ దగ్గర ఆగేది

ఇంతవరకు ప్రాంతాల గురించి మాట్లాడుకున్నాం. కానీ ప్రాంతానికి న్యాయం జరిగితే మన వాడకు న్యాయం జరిగినట్టేనా? కాదు. కాలువ వచ్చినా భూమి లేనివాడికి దక్కేది కూలీయే. సిమెంటు రోడ్డు ఊరి మధ్య దాకా వచ్చి ఎస్సీ కాలనీ మొదట్లో ఆగిపోవడం మనలో చాలామందికి కొత్త కాదు. మూడో మెట్టు మీద జరిగే రాజకీయం ఇది. సర్పంచ్ ఇల్లు ఏ వీధిలో ఉంది, కాంట్రాక్టర్ ఎవరి మనిషి, గ్రామసభలో నోరు విప్పగలిగేది ఎవరు అన్నదాన్ని బట్టి పని నడుస్తుంది.

దీనికి విరుగుడుగానే 1974-75లో గిరిజన ఉపప్రణాళిక, 1979-80లో షెడ్యూల్డ్ కులాల కోసం ప్రత్యేక కాంపోనెంట్ ప్లాన్ మొదలయ్యాయి. జనాభాలో మన శాతం ఎంతో ప్రణాళిక నిధుల్లో అంత శాతం మనకోసం విడిగా పెట్టాలన్నది సూత్రం. చాలా ఏళ్లు ఇది కూడా శ్రీబాగ్ లాగే మాటగానే ఉంది. ఊరందరి కోసం వేసే రోడ్డులో, అందరి కోసం కట్టే ప్రాజెక్టులో "ఎస్సీలు కూడా వాడుకుంటారు కదా" అని కొంత శాతం మన ఖాతాలో రాసేవారు. కాగితం మీద ఖర్చు కనిపించేది, కాలనీలో పని కనిపించేది కాదు.

మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు గారి వంటి పెద్దలు, ఎన్నో దళిత, గిరిజన సంఘాలు ఏళ్లపాటు అడిగిన ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం ఇదే మొదటిది. పదేళ్ల కాలానికి చేసిన ఈ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మరో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసింది. ఖర్చు కాని సొమ్మును తర్వాతి ఏడాదిలో భర్తీ చేయాలన్న నియమం అందులో ఉంది. 2011 లెక్కల ప్రకారం ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 17 శాతం, తెలంగాణలో సుమారు 15.5 శాతం.

చట్టం వచ్చింది కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు. విడదీసి లెక్కించడానికి వీలులేని పెద్ద పనుల్లో ప్రభుత్వం నిర్ణయించినంత భాగాన్ని మన ఖాతాలో రాసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచినట్టు. అయినా చట్టం లేని రోజులకూ ఇప్పటికీ ఒక తేడా ఉంది. ఇదివరకు "దయచేసి ఇవ్వండి" అని అడిగేవాళ్లం. ఇప్పుడు "చట్టం ప్రకారం ఎందుకు ఇవ్వలేదు" అని అడగవచ్చు.

బడ్జెట్ పుస్తకం తెరవండి

అడగాలంటే లెక్క తెలియాలి. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చూడగానే భయపడకండి. నాలుగు గుర్తులు తెలిస్తే చాలు.

ఒకటి: ప్రతి పద్దుకూ నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2తో గానీ 3తో గానీ మొదలైతే అది ఏటేటా ఖర్చు. 4తో గానీ 5తో గానీ మొదలైతే అది పెట్టుబడి. 2225 అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితరుల సంక్షేమానికి అయ్యే రోజువారీ ఖర్చు. 4225 అంటే అదే సంక్షేమానికి కట్టే భవనాల వంటి పెట్టుబడి. మన మెస్ ఛార్జీలు మొదటిదాంట్లో, హాస్టల్ భవనాలు రెండోదాంట్లో వెతకాలి.

రెండు: ఏ శాఖలోనైనా 789 అన్న పద్దు కనిపిస్తే అది షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక సొమ్ము. 796 కనిపిస్తే గిరిజన ఉపప్రణాళిక సొమ్ము. రోడ్ల శాఖలో, నీటిపారుదలలో, విద్యలో ఈ అంకెల కింద ఏం రాశారో చూడండి. కేంద్ర బడ్జెట్లో ఎస్సీల కేటాయింపులన్నీ ఒకచోట చూపే పట్టికను 10ఏ అంటారు.

మూడు: ఒకే పనికి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని మూడు అంకెలుంటాయి. పత్రికల్లో వచ్చేది మొదటి అంకె. నిజం చెప్పేది మూడో అంకె. ఉదాహరణకు 100 రూపాయలు కేటాయించామని ప్రకటించి, ఏడాది మధ్యలో 60కి తగ్గించి, చివరకు 35 ఖర్చు చేశారనుకోండి. అప్పుడు మనకు వచ్చింది 35 మాత్రమే. పైగా ఆ మూడో అంకె రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో గానీ కనిపించదు. అప్పటికి ప్రకటనను అందరూ మరిచిపోయి ఉంటారు. మనం మరిచిపోకూడదు.

నాలుగు: శిలాఫలకం చూసి పని మొదలైందనుకోవద్దు. పరిపాలనా మంజూరు ఒక జీవో, నిధుల విడుదల ఇంకో జీవో. రెండోది వచ్చిందా అని అడగాలి. తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు కూడా ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! శ్రీబాగ్ నాడు మన తాతముత్తాతలకు ఆ కాగితంలో ఏముందో చదివే చదువు లేదు. 1956 నాటి ఒప్పందంలో మిగులు ఎంతో కూడి చూసే వీలు ఊళ్లో ఎవరికీ లేదు. మనకు ఇవాళ రెండూ ఉన్నాయి. వచ్చే బడ్జెట్ తర్వాత ఇంటర్ చదివే పెద్దపిల్లలు నలుగురు కూర్చుని 4225 పద్దు కింద మూడేళ్ల అసలు ఖర్చు ఎంతో ఒక తెల్లకాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. కింద చిన్నపిల్లలకు అర్థమయ్యేలా రెండు ముక్కలు రాయండి. మరుసటి ఏడాది ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం అంటించండి. లెక్క అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే లెక్క రాసేవాళ్లు కొంచెం జాగ్రత్తగా రాస్తారు. మీకు ఎక్కడైనా అర్థం కాకపోతే వార్డెన్ సార్ ద్వారా మాకు కబురు చేయండి, ఆదివారం వచ్చి కూర్చుంటాం.